జిమ్ గ్రే

జిమ్ గ్రేగా ప్రసిద్ధి చెందిన జేమ్స్ నికోలస్ గ్రే (జననం: జనవరి 12, 1944; అదృశ్యం: జనవరి 28, 2007) అమెరికాకు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త. డేటాబేసులలో లావాదేవీల నిర్వహణకు సిద్ధాంతపరంగానూ, ఆచరణపరంగానూ పునాదులు వేసినవారిలో ఈయన ముఖ్యుడు. ఒక సర్వర్ ఆగిపోయినప్పుడు దాని పనిని మరొక సర్వర్ అందుకొని సేవను కొనసాగించే అధిక లభ్యత గల క్లస్టర్ల రూపకల్పనలో కూడా ఈయన కృషి విశేషమైనది. కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైనదిగా భావించే ట్యూరింగ్ పురస్కారాన్ని 1998లో అందుకొన్నాడు. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కో తీరం నుండి ఒంటరిగా తెరచాప పడవలో సముద్రంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. పడవ జాడ గాని, ఈయన జాడ గాని నేటికీ లభించలేదు.

బ్యాంకు ఖాతాలో సొమ్ము జమ కావటం, ఏటీఎం నుండి నగదు తీసుకోవటం, రైలు టికెట్టు రిజర్వు చేయించుకోవటం వంటి నిత్యజీవితంలోని పనులన్నీ ఈయన, ఈయన సహచరులు రూపొందించిన సూత్రాలపై ఆధారపడి నడుస్తున్నాయి. అయినప్పటికీ కంప్యూటర్ రంగానికి వెలుపల ఈయన పేరు అంతగా తెలియదు. లావాదేవీల వ్యవస్థ సక్రమంగా పనిచేసినంతకాలం దాని ఉనికి ఎవరికీ గుర్తుకు రాకపోవటం అందుకు ఒక కారణం కావచ్చు.

బాల్యం, విద్యాభ్యాసం

గ్రే కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జన్మించాడు. తల్లి ఉపాధ్యాయురాలు. తండ్రి అమెరికా సైన్యంలో పనిచేసేవాడు. కుటుంబం ఇటలీలోని రోమ్ నగరానికి తరలివెళ్ళటం వలన గ్రే బాల్యంలో తొలి మూడేళ్ళలో ఎక్కువ కాలం అక్కడే గడిచింది. ఇంగ్లీషు కంటే ముందు ఈయనకు ఇటాలియన్ మాటలు వచ్చాయి. తరువాత కుటుంబం వర్జీనియాలో సుమారు నాలుగేళ్ళు నివసించింది. తల్లిదండ్రులు విడిపోయిన పిమ్మట తల్లితో కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోకు తిరిగి వచ్చాడు. తండ్రికి కొత్త పరికరాలు కనిపెట్టే అభిరుచి ఉండేది. టైపురైటర్ రిబ్బను పెట్టెకు సంబంధించి ఆయన పొందిన పేటెంటు వలన మంచి ఆదాయమే వచ్చింది.

వైమానిక దళ అకాడమీలో ప్రవేశం లభించకపోవటంతో గ్రే 1961లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు. చదువు ఖర్చుల కొరకు జనరల్ డైనమిక్స్ సంస్థలో పనిచేశాడు. రసాయనశాస్త్రంలో మార్కులు తక్కువ రావటంతో నిరుత్సాహపడి ఆరు నెలలపాటు చదువు విడిచిపెట్టాడు. బయటి ఉద్యోగం చదువు కంటే దుర్భరంగా తోచటంతో మళ్ళీ విశ్వవిద్యాలయానికే వచ్చి, 1966లో ఇంజనీరింగ్ గణితంలో పట్టభద్రుడయ్యాడు. అటుపిమ్మట న్యూజెర్సీలో బెల్ ప్రయోగశాలలో చేరి, వారంలో మూడు రోజులు ఉద్యోగం చేస్తూ, రెండు రోజులు న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని కురాంట్ సంస్థలో చదివాడు. ఏడాది తరువాత బర్కిలీకి తిరిగివచ్చి, మైఖేల్ హారిసన్ పర్యవేక్షణలో పరిశోధన చేసి 1969లో డాక్టరేటు పొందాడు. బర్కిలీ నుండి కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేటు అందుకొన్న మొదటి వ్యక్తి ఈయనే.

ఐబీఎం సంస్థలో

డాక్టరేటు అనంతరం ఐబీఎం సహాయంతో రెండేళ్ళు పరిశోధన కొనసాగించిన గ్రే, 1972 నుండి 1980 వరకు శాన్‌హోసేలోని ఐబీఎం పరిశోధనాలయంలో పనిచేశాడు. అదే పరిశోధనాలయానికి చెందిన ఎడ్గార్ కాడ్ 1970లో సంబంధాత్మక డేటాబేసు భావనను ప్రతిపాదించాడు. సమాచారాన్ని పట్టికల రూపంలో దాచి, కావలసినదాన్ని అడిగితే తెచ్చిపెట్టే వ్యవస్థ ఆచరణలో సాధ్యమేనని నిరూపించటానికి సిస్టమ్ ఆర్ అనే ప్రాజెక్టు అక్కడ ఆరంభమైంది. ఎస్‌క్యూఎల్ భాష పుట్టినది కూడా ఈ ప్రాజెక్టులోనే. గ్రే బృందానికి దక్కిన సమస్య వేరు. ఒకే సమయంలో ఎందరో వాడుకరులు అదే సమాచారాన్ని మారుస్తున్నప్పుడు, నడుమ యంత్రం ఆగిపోయినప్పుడు, లెక్కలు తప్పకుండా ఉండాలంటే ఏమి చేయాలన్నది ఆ సమస్య.

ఒక ఖాతా నుండి వెయ్యి రూపాయలు తీసి మరొక ఖాతాలో వేయవలసి ఉన్నదనుకొందాం. మొదటి ఖాతాలో సొమ్ము తగ్గించిన మరుక్షణమే విద్యుత్తు పోతే ఆ వెయ్యి రూపాయలు ఎవరికీ చెందకుండా పోతాయి. కనుక ఈ రెండు మార్పులూ కలిసి ఒకే పనిగా జరగాలి, లేదా రెండూ జరగకూడదు. ఈ విధమైన అవిభాజ్యమైన పనినే లావాదేవీ అంటారు. ఈ భావనకు ఖచ్చితమైన నిర్వచనాన్నీ, దానిని అమలుచేసే పద్ధతులనూ గ్రే, ఈశ్వరన్, లోరీ, ట్రైగర్ మొదలైనవారు 1970 దశకంలో అభివృద్ధి చేశారు. 1981లో గ్రే ప్రచురించిన పత్రం లావాదేవీ భావనలోని మేలునూ, పరిమితులనూ విపులంగా చర్చించింది. ఆ ఆధారంతోనే 1983లో థియో హేర్డర్, ఆండ్రియాస్ రాయిటర్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు లావాదేవీకి ఉండవలసిన నాలుగు గుణాలకు యాసిడ్ అనే పొడిపేరు పెట్టారు. అవిభాజ్యత, సుసంగతత, ఏకాంతత, మన్నిక అన్నవి ఆ నాలుగు గుణాలు.

ఏకాంతతను సాధించటానికి తాళాలు, అనగా లాక్‌లు వాడతారు. ఒక వరుసను మార్చటానికి పట్టిక మొత్తానికీ తాళం వేస్తే మిగిలినవారందరూ వేచి ఉండవలసి వస్తుంది. ప్రతి వరుసకూ విడివిడిగా తాళం వేస్తే, పట్టిక మొత్తాన్నీ చదవవలసిన పనికి లక్షల తాళాలు కావాలి. ఈ చిక్కుకు గ్రే బృందం చూపిన పరిష్కారం చక్కనిది. డేటాబేసు, పట్టిక, వరుస అనే అంతస్తులలో ఏ స్థాయిలోనైనా తాళం వేయవచ్చును. కింది స్థాయిలో తాళం వేయదలచినవారు ముందుగా పై స్థాయిలో ఆ ఉద్దేశాన్ని తెలిపే ఒక గుర్తును ఉంచాలి. పై స్థాయిలో తాళం కోరేవారు ఆ గుర్తును చూసి ఆగుతారు. నేటి డేటాబేసు సాఫ్ట్‌వేర్లలో చాలావాటిలో ఈ పద్ధతి ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. వేగం కొరకు ఖచ్చితత్వాన్ని ఎంతవరకు సడలించవచ్చునో తెలిపే స్థాయిలను కూడా ఈ బృందమే వర్గీకరించింది. ఆ తరువాత వచ్చిన ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోని ఏకాంతత స్థాయిలకు ఇవే మూలం. ఆ ప్రమాణంలోని నిర్వచనాలు అస్పష్టంగా ఉన్నాయని 1995లో గ్రే మరికొందరితో కలిసి విమర్శ రాయటం గమనార్హం.

మన్నికకు ఆధారం లాగ్. డేటాబేసులో మార్పు చేయటానికి ముందే ఆ మార్పు వివరాన్ని లాగ్‌లో రాయాలన్నది నియమం. వ్యాపారస్థులు సరుకు కదలక ముందే చిట్టాలో రాసుకోవటం వంటిదిది. యంత్రం ఆగి మళ్ళీ మొదలైనప్పుడు, లాగ్‌ను చదివి పూర్తయిన లావాదేవీల మార్పులను తిరిగి అమలుచేస్తారు, పూర్తికానివాటిని రద్దుచేస్తారు. ఇది ఏ ఒక్కరి ఆవిష్కరణా కాదు. అయితే చెల్లాచెదురుగా ఉన్న ఈ పరిజ్ఞానాన్నంతటినీ ఒకచోట చేర్చి 1978లో గ్రే వెలువరించిన సుదీర్ఘమైన పాఠం ఎందరో ఇంజనీర్లకు తొలి పాఠ్యగ్రంథంగా ఉపయోగపడింది. లావాదేవీ ఒకటి కంటే ఎక్కువ యంత్రాలలో జరుగుతున్నప్పుడు అనుసరించవలసిన రెండు దశల ఖరారు పద్ధతిని కూడా ఇందులో వివరించాడు. మొదటి దశలో సమన్వయకర్తగా ఉన్న యంత్రం మిగిలినవాటిని సిద్ధమా అని అడుగుతుంది. అన్నీ సిద్ధమని తెలిపితేనే రెండవ దశలో ఖరారు చేయమని ఆదేశిస్తుంది. నమ్మకం లేని దారిలో వార్తలు పంపుకొనే ఇద్దరు సేనాధిపతులు ఒకే సమయంలో దాడికి దిగటానికి ఎన్ని వార్తలు పంపుకొన్నా నిశ్చయానికి రాలేరన్న ప్రసిద్ధమైన చిక్కుముడికి ఇద్దరు సేనాధిపతుల వైరుధ్యం అన్న పేరు స్థిరపడినది కూడా ఈ రచన వలననే.

టాండెమ్ కంప్యూటర్స్

1980లో గ్రే ఐబీఎం విడిచి టాండెమ్ కంప్యూటర్స్ సంస్థలో చేరాడు. 1974లో స్థాపించబడిన ఈ సంస్థ ఎన్నడూ ఆగని కంప్యూటర్లను తయారుచేయటమే లక్ష్యంగా పెట్టుకొంది. బ్యాంకులు, స్టాక్ ఎక్స్‌ఛేంజీలు దీనికి ముఖ్యమైన కొనుగోలుదారులు. టాండెమ్ యంత్రంలో ప్రాసెసర్లు, డిస్కులు, విద్యుత్ సరఫరా అన్నీ జంటలుగా ఉండేవి. సాఫ్ట్‌వేర్ కూడా జంటగానే నడిచేది. ముఖ్యమైన ప్రతి ప్రక్రియకూ మరొక ప్రాసెసర్‌లో ఒక తోడు ప్రక్రియ ఉండి, మొదటిది ఎంతవరకు పని పూర్తిచేసిందో ఎప్పటికప్పుడు తెలుసుకొంటూ ఉండేది. మొదటిది ఆగిపోతే తోడు ప్రక్రియ అక్కడినుండి పనిని అందుకొనేది.

ఈ సంస్థలో ఉండగా 1985లో గ్రే రాసిన సాంకేతిక నివేదిక ఈయన రచనలన్నింటిలోకీ బహుశా ఎక్కువమంది చదివినది. కంప్యూటర్లు ఎందువలన ఆగిపోతాయి, అందుకు ఏమి చేయవచ్చు అన్నది దాని విషయం. చక్కగా నిర్వహించబడే సాధారణ లావాదేవీల వ్యవస్థ కూడా సగటున రెండు వారాలకు ఒకసారి ఆగుతుందని, తిరిగి పనిచేయటానికి సుమారు 90 నిముషాలు పడుతుందని, అనగా లభ్యత 99.6 శాతమని ఈయన లెక్కకట్టాడు. వినటానికి గొప్పగానే ఉన్నా, ఆసుపత్రికి గాని, బ్యాంకుకు గాని ఈ లభ్యత చాలదు. ఆ తరువాత ఏడు నెలల కాలంలో టాండెమ్ కొనుగోలుదారుల నుండి వచ్చిన వైఫల్యాల నివేదికలను పరిశీలించాడు. వాటిలో దాదాపు మూడోవంతు కొత్తగా వచ్చిన ఉత్పత్తులలో తొలి దశలో బయటపడే లోపాలు. వాటిని మినహాయించి మిగిలినవాటి కారణాలను లెక్కించగా వ్యవస్థ నిర్వహణలోని పొరపాట్లు 42 శాతం, సాఫ్ట్‌వేర్ లోపాలు 25 శాతం, హార్డ్‌వేర్ లోపాలు 18 శాతం, విద్యుత్తు మొదలైన పరిసర కారణాలు 14 శాతంగా తేలాయి. మొత్తం వైఫల్యాలలో 8 శాతం కేవలం వ్యవస్థను కాన్ఫిగర్ చేయటంలోని పొరపాట్ల వలన జరిగినవి.

అప్పటివరకు లభ్యత అంటే మంచి హార్డ్‌వేర్ కొనటమే అన్న అభిప్రాయం బలంగా ఉండేది. ఖరీదైన యంత్రాలను జంటలుగా అమర్చిన తరువాత కూడా ప్రధాన శత్రువు తప్పుడు అమరిక, తొందరపాటు మరమ్మత్తు, ఆపరేటరు పొరపాటు అని ఈ లెక్కలు తేల్చాయి. ఆపరేటర్లను నిందించటం వలన ప్రయోజనం లేదని గ్రే భావించాడు. తనను తాను అమర్చుకొనగలిగి, మనిషి జోక్యం అతి తక్కువగా ఉండే వ్యవస్థలను నిర్మించాలని సూచించాడు. హార్డ్‌వేర్ దిద్దుబాట్లను వెంటనే అమర్చుకోవాలని, సాఫ్ట్‌వేర్ దిద్దుబాట్లను మాత్రం ఆ లోపం వలన నిజంగా ఇబ్బంది కలుగుతున్నప్పుడే వేసుకోవాలని కూడా చెప్పాడు. సాఫ్ట్‌వేర్ దిద్దుబాట్లలో భద్రతకు సంబంధించినవి అధికమైన నేటి కాలంలో ఈ రెండవ సలహాను యథాతథంగా పాటించటం కుదరదు.

ఇదే నివేదికలో సాఫ్ట్‌వేర్ లోపాలను రెండు రకాలుగా విభజించి, ఆ పేర్లకు ప్రాచుర్యం కల్పించాడు. ప్రతిసారీ ఒకే విధంగా కనిపించే గట్టి లోపం బోర్‌బగ్. వెతకబోతే మాయమై, సమయం కొద్దిగా మారితే కనిపించని లోపం హైసెన్‌బగ్. పరీక్షలలో బోర్‌బగ్‌లు దొరికిపోతాయి కనుక వాడుకలోకి వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో మిగిలేవి ఎక్కువగా రెండవ రకమే. ఒక సాఫ్ట్‌వేర్‌లో నమోదైన 132 లోపాలలో ఒక్కటి మాత్రమే బోర్‌బగ్ అని చూపించాడు. అందువలననే ఒక యంత్రంలో విఫలమైన పనిని తోడు యంత్రం మళ్ళీ మొదలుపెట్టినప్పుడు చాలాసార్లు సఫలమవుతుంది. నేటి క్లస్టర్లన్నీ ఆధారపడే రహస్యం ఇదే. 1990లో గ్రే మరల లెక్కలు తీయగా హార్డ్‌వేర్, మరమ్మత్తుల పరిస్థితి ఎంతో మెరుగుపడిందని, 62 శాతం వైఫల్యాలకు సాఫ్ట్‌వేర్ కారణమని తేలింది. మరుసటి ఏడాది డేనియల్ సీవియోరెక్‌తో కలిసి రాసిన వ్యాసంలో లభ్యతను తొమ్మిదుల సంఖ్యను బట్టి తరగతులుగా విభజించాడు. మూడు తొమ్మిదులంటే 99.9 శాతం, అనగా ఏడాదికి సుమారు 500 నిముషాల విరామం. అయిదు తొమ్మిదులంటే ఏడాదికి సుమారు అయిదు నిముషాలు మాత్రమే.

వివిధ సంస్థల డేటాబేసుల వేగాన్ని పోల్చటానికి సరైన కొలమానం లేకపోవటం గమనించి, 1985లో వివిధ సంస్థలకు చెందిన ఇరవైమందికి పైగా నిపుణులతో కలిసి బ్యాంకు జమ-ఖర్చు లావాదేవీల ఆధారంగా ఒక పరీక్షను ప్రతిపాదించాడు. రచయితల పేర్లు లేకుండా, అజ్ఞాత రచయితల పేరిట అది డేటామేషన్ పత్రికలో ఏప్రిల్ 1న అచ్చయింది. 1988లో ఏర్పడిన లావాదేవీల సామర్థ్య పరీక్షా మండలి రూపొందించిన ప్రమాణాలకు ఇది ఆధారమైంది. 1987లో ఫ్రాంకో పుట్జోలుతో కలిసి అయిదు నిముషాల నియమాన్ని ప్రకటించాడు. అయిదు నిముషాలకొకసారైనా అవసరమయ్యే సమాచారాన్ని డిస్కులో కాక మెమరీలో ఉంచటమే చౌక అన్నది దాని సారాంశం. ధరలు మారినకొద్దీ ఆ లెక్కను పదేళ్ళకొకసారి తిరిగి సరిచూసేవారు.

1990 నుండి 1994 వరకు డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేశాడు. ఈ కాలంలోనే ఆండ్రియాస్ రాయిటర్‌తో కలిసి రచించిన లావాదేవీల నిర్వహణ గ్రంథం వెలువడింది. వెయ్యి పుటలకు మించిన ఈ గ్రంథం ఈ రంగంలో ప్రామాణికమైనదిగా నిలిచింది.

మైక్రోసాఫ్ట్, సర్వర్ క్లస్టర్లు

1995లో గ్రే మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న రెడ్మండ్‌కు వెళ్ళక, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏర్పాటు చేసిన పరిశోధనాలయంలోనే ఉండి పనిచేశాడు. అప్పటికి అధిక లభ్యత అనేది టాండెమ్ వంటి ఖరీదైన యంత్రాలకే పరిమితమై ఉండేది. మామూలు యంత్రాలతోనే దానిని సాధించాలన్నది గ్రే పట్టుదల. వుల్ఫ్‌ప్యాక్ అనే సంకేతనామంతో తయారై 1997లో విడుదలైన మైక్రోసాఫ్ట్ క్లస్టర్ సేవ నిర్మాణాన్ని వివరిస్తూ మరుసటి ఏడాది వచ్చిన పత్రానికి ఈయన కూడా ఒక రచయిత.

ఈ క్లస్టర్‌లో డేటాబేసును అమర్చే విధానం విద్యార్థులు తెలుసుకోదగినది. రెండు సర్వర్లకూ ఉమ్మడిగా డిస్కులు కలుపబడి ఉంటాయి, కానీ ఏ సమయంలోనైనా ఒక్కొక్క డిస్కుకు ఒకే సర్వర్ యజమాని. డేటాబేసు సాఫ్ట్‌వేర్‌ను రెండు సర్వర్లలోనూ నడపగలిగేలా అమర్చి, డేటా ఫైళ్ళనూ, లాగ్‌నూ మాత్రం ఉమ్మడి డిస్కులో ఉంచుతారు. డిస్కు, ఐపీ చిరునామా, నెట్‌వర్కు పేరు, డేటాబేసు సేవ అనే వనరులన్నింటినీ ఒక సమూహంగా కట్టి, ఏది దేనిపై ఆధారపడుతుందో నమోదుచేస్తారు. వాడుకరులు సర్వర్ అసలు పేరుతో కాక ఈ సమూహం పేరుతో సంబంధం పెట్టుకొంటారు. సర్వర్లు ఒకదాని ఉనికిని మరొకటి తెలుసుకోవటానికి క్రమం తప్పకుండా సంకేతాలు పంపుకొంటాయి. సంకేతాలు ఆగిపోతే రెండవ సర్వర్ మొదట డిస్కును స్వాధీనం చేసుకొని, పిదప చిరునామాను, పేరును తెచ్చుకొని, చివరగా డేటాబేసును మొదలుపెడుతుంది. వరుస తప్పితే, ఉదాహరణకు డిస్కు రాకముందే డేటాబేసు మొదలైతే, మార్పిడి విఫలమవుతుంది.

సర్వర్లు రెండూ బాగానే ఉండి, వాటి నడుమ తీగ మాత్రం తెగిపోవటం మరింత ప్రమాదకరం. అప్పుడు ప్రతి సర్వరూ రెండవది చనిపోయిందనుకొని డేటాను తానే రాయబోతుంది. దీనిని నివారించటానికి కోరం డిస్కు అనే ఒక ప్రత్యేక వనరును వాడతారు. దానిని దక్కించుకొన్న సర్వర్ మాత్రమే క్లస్టర్‌గా కొనసాగుతుంది, రెండవది తప్పుకొంటుంది. ఇంతచేసినా డేటాబేసు రెండవ సర్వర్‌లో మొదలైనప్పుడు, ఆగిపోయిన క్షణంలో సగంలో ఉన్న లావాదేవీల సంగతి తేల్చవలసినది లాగ్ మాత్రమే. సిస్టమ్ ఆర్‌లో రూపుదిద్దుకొన్న పద్ధతి లేకుంటే క్లస్టర్ వలన వేగంగా తప్పుడు లెక్కలు అందటం తప్ప మరో ప్రయోజనం ఉండదు.

డేటా ప్రతులను అనేక సర్వర్లలో ఉంచి, ఏ ప్రతినైనా ఎవరైనా ఎప్పుడైనా మార్చవచ్చునన్న ఆలోచన 1990 దశకంలో ఆకర్షణీయంగా కనిపించింది. 1996లో గ్రే, హెలాండ్, ఓనీల్, షాషా కలిసి రాసిన పత్రం దీనిలోని అపాయాన్ని గణితపరంగా చూపింది. సర్వర్ల సంఖ్య, రద్దీ పదిరెట్లు పెరిగితే ప్రతిష్టంభనలు వెయ్యిరెట్లు పెరుగుతాయి. ప్రయోగశాలలో చక్కగా నడిచిన అమరిక వాడుకలో కుప్పకూలటానికి కారణమిదే.

తన సిద్ధాంతాలను పరీక్షించుకోవటానికి గ్రేకు దొరికిన వేదిక టెర్రాసర్వర్. టామ్ బార్‌క్లే మొదలైనవారితో కలిసి నిర్మించి 1998 జూన్‌లో ప్రజలకు అందుబాటులోకి తెచ్చిన ఈ వెబ్‌సైటు, అమెరికా భూగర్భ సర్వే సంస్థ వారి వైమానిక చిత్రాలను, పటాలను డేటాబేసులో ఉంచి చూపేది. గూగుల్ ఎర్త్ వంటివి రాక ముందు సామాన్యులు తమ ఇంటి పైకప్పును ఆకాశం నుండి చూసుకొన్నది ఇటువంటి చోటనే. మొదట ఇది ఒకే ఒక పెద్ద సర్వర్‌పై నడిచింది. తరువాత లభ్యత కొరకు, చురుకుగా పనిచేసే సర్వర్లు, వాటికి తోడుగా సిద్ధంగా ఉండే సర్వర్ కలిగిన క్లస్టర్‌కు మార్చి, 18 టెరాబైట్ల ఉమ్మడి నిల్వ వ్యవస్థను అమర్చారు. క్లస్టర్ బాగానే పనిచేసినా దాని కొనుగోలు, నిర్వహణ ఖర్చులు భారమయ్యాయి. 2003 నవంబరులో దానిని తీసివేసి, చౌక డిస్కులు గల మామూలు యంత్రాలను జంటలుగా ఉంచి, ప్రతి చిత్రానికీ రెండు ప్రతులు దాచే పద్ధతిని అవలంబించారు. ఈ యంత్రాలను ఇటుకలు అని పిలిచేవారు. క్లస్టర్ల నిర్మాణంలో పాలుపంచుకొన్న వ్యక్తే, అంతకంటే చౌకైన మార్గం కనిపించగానే తన క్లస్టర్‌ను విప్పివేసి ఆ అనుభవాన్ని నివేదికగా ప్రకటించటం గ్రే పనితీరుకు మంచి ఉదాహరణ.

రెండు దశల ఖరారులో ఒక లోపం ఉన్నది. సమన్వయకర్త సరిగ్గా నడుమ ఆగిపోతే మిగిలిన యంత్రాలు తాళాలు వేసుకొని వేచి ఉండవలసిందే. లెస్లీ లాంపోర్ట్‌తో కలిసి చేసిన పరిశోధనలో గ్రే దీనికి పరిష్కారం చూపాడు. ఒక్క సమన్వయకర్తకు బదులు కొన్ని యంత్రాలు కలిసి నిర్ణయాన్ని గుర్తుపెట్టుకొంటాయి. వాటిలో సగానికి పైగా పనిచేస్తున్నంతవరకు నిర్ణయం నిలిచిపోదు. పాక్సోస్ కమిట్ అని పిలిచే ఈ పద్ధతిని వివరించే పత్రం 2006లో ప్రచురితమైంది. తాను ముప్పై ఏళ్ళ ముందు వివరించిన పద్ధతి ఇందులో ఏ వైఫల్యాన్నీ తట్టుకోలేని ఒక ప్రత్యేక సందర్భం మాత్రమేనని ఈ పత్రం నిరూపించింది.

ఖగోళ సమాచారం

చివరి పదేళ్ళలో గ్రే దృష్టి విజ్ఞానశాస్త్ర సమాచారంపైకి మళ్ళింది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ సాలేతో కలిసి స్లోన్ ఆకాశ సర్వే సేకరించిన నక్షత్రాల, నక్షత్రమండలాల వివరాలను డేటాబేసులో ఉంచి, 2001లో స్కైసర్వర్ పేరుతో అందరికీ అందుబాటులోకి తెచ్చాడు. ఏ రంగం శాస్త్రవేత్తలతో పనిచేసినా, వారు తమ సమాచారాన్ని అడగదలచిన ఇరవై ముఖ్యమైన ప్రశ్నలను మొదట రాయించి, వాటికి జవాబు ఇవ్వగలిగేలా డేటాబేసును రూపొందించటం ఈయన పద్ధతి. ప్రయోగం, సిద్ధాంతం, కంప్యూటర్ అనుకరణ తరువాత సమాచార విశ్లేషణ విజ్ఞానానికి నాలుగవ మార్గం కాగలదని 2007 జనవరి 11న మౌంటెన్‌వ్యూలో చేసిన ప్రసంగంలో వివరించాడు.

అదృశ్యం

2007 జనవరి 28, ఆదివారం నాడు గ్రే తన 40 అడుగుల తెరచాప పడవ టెనేషియస్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ఒంటరిగా బయలుదేరాడు. మరణించిన తన తల్లి చితాభస్మాన్ని ఫారలోన్ దీవుల సమీపంలో సముద్రంలో కలపటానికి వెళ్ళాడు. ఈ దీవులు గోల్డెన్ గేట్‌కు పడమరగా సుమారు 43 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. గ్రే అనుభవం కల నావికుడు. ఆ రోజు వాతావరణం నిర్మలంగా ఉంది. సాయంత్రానికి తిరిగి రాకపోవటంతో ఆయన భార్య డోనా కార్న్స్ అధికారులకు తెలియజేసింది.

తీర రక్షక దళం విమానాలు, హెలికాప్టర్లు, పడవలతో నాలుగు రోజులు గాలించి ఫిబ్రవరి 1న అన్వేషణ నిలిపివేసింది. పడవ మునిగితే దానంతట అదే సంకేతం పంపే పరికరం అందులో ఉన్నది, కానీ ఏ సంకేతమూ అందలేదు. ఆపద సందేశమూ వినబడలేదు. పడవను ఢీకొన్నట్లు ఏ ఓడా తెలుపలేదు. ఒక్క చెక్కముక్క కూడా దొరకలేదు.

అప్పుడు మిత్రులు, పూర్వ సహచరులు, శిష్యులు అన్వేషణను తమ చేతుల్లోకి తీసుకొన్నారు. బర్కిలీ ఆచార్యుడు జోసెఫ్ హెలర్‌స్టీన్, క్లస్టర్ పత్రంలో గ్రేకు సహరచయితయైన అమెజాన్ సాంకేతికాధికారి వెర్నర్ వోగెల్స్ మొదలైనవారు ఇందులో పాల్గొన్నారు. డిజిటల్‌గ్లోబ్ సంస్థ ఉపగ్రహం ఆ సముద్ర ప్రాంతాన్ని చిత్రీకరించింది. ఆ చిత్రాలను చిన్న చిన్న ముక్కలుగా చేసి అమెజాన్ మెకానికల్ టర్క్ ద్వారా ప్రపంచవ్యాప్తంగా వేలాదిమంది స్వచ్ఛంద సేవకులకు పంచగా, వారు పడవను పోలిన మచ్చల కొరకు ఒక్కొక్క ముక్కనూ పరిశీలించారు. అనుమానించదగిన చోట్లకు విమానాలను పంపారు. ఫిబ్రవరి 16న ఈ ప్రయత్నాన్ని విరమించారు. కుటుంబ సభ్యులు సముద్రగర్భంలో చేయించిన అన్వేషణ కూడా మే 31న ఫలితం లేకుండానే ముగిసింది. భూగోళాన్ని ఆకాశం నుండి చూపించే సమాచార వ్యవస్థను సామాన్యులకు అందించినవారిలో ఒకరైన వ్యక్తి కొరకు ఆ విధమైన చిత్రాలలోనే వెతకవలసి రావటం ఆయన మిత్రులను ఎంతగానో కలచివేసింది. ఈ అన్వేషణలోని సాంకేతిక విషయాలను, పొరపాట్లతో సహా, హెలర్‌స్టీన్, డేవిడ్ టెన్నెన్‌హౌస్ 2011లో ఒక వ్యాసంగా ప్రచురించారు. ఇతర అన్వేషణలకు అది ఉపయోగపడాలన్నది వారి ఉద్దేశం.

మరణించినట్లు ఆధారం లేనందున కుటుంబానికి శ్రద్ధాంజలి జరపటం కూడా కష్టమైంది. 2008 మే 31న బర్కిలీలో జరిగిన సభను సంస్మరణ సభ అనక, గౌరవ సభగా నిర్వహించారు. అయిదేళ్ళు గడిచిన పిమ్మట న్యాయస్థానం గ్రేను చట్టరీత్యా మృతుడిగా ప్రకటించింది. మరణ తేదీగా జనవరి 28, 2012 నమోదైంది.

పురస్కారాలు, స్మృతి

డేటాబేసు రంగం నుండి ట్యూరింగ్ పురస్కారం పొందినవారిలో చార్లెస్ బాక్‌మన్ (1973), ఎడ్గార్ కాడ్ (1981) తరువాత గ్రే మూడవవాడు. అమెరికా జాతీయ ఇంజనీరింగ్ అకాడమీలోనూ, జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీలోనూ సభ్యుడు. పరిచయం లేని విద్యార్థులు పంపిన పత్రాలను సైతం ఓపికగా చదివి సలహాలు ఇచ్చేవాడని పేరు. డేటాబేసు పరిశోధకుల సంఘమైన సిగ్‌మాడ్ ప్రతి ఏటా ఉత్తమ డాక్టరేటు పరిశోధనకు ఇచ్చే పురస్కారానికి ఈయన పేరు పెట్టారు. 2007 నాటి చివరి ప్రసంగం ఆధారంగా టోనీ హే మొదలైనవారి సంపాదకత్వంలో 2009లో నాలుగవ మార్గం అనే అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాససంకలనం వెలువడింది.